చెంచా చప్పుడు

కస్సలా లారీల అడ్డాలో
తాకా కొండల గుండ్రటి నెత్తులు ఇంకా చీకట్లో ఉండగానే
బతూల్ బొగ్గులు రాజేస్తుంది.
ముందు బొగ్గులు, తర్వాత కాఫీ గింజలు, దంచిన అల్లం,
ఆఖర్న చక్కెర డబ్బా మూత.
ఆ మూత తీసే ముందు ఆమెకు ఇంకో పని ఉంటుంది.
ఆరేళ్ళుగా ఆమె చేతి కాఫీ తాగుతూ కూడా
నేనది చూడలేదు.

నా పేరు ఓహాజ్.
పోర్ట్ సూడాన్‌కి ఉల్లిపాయలు తోలతాను, వచ్చేటప్పుడు సిమెంటు.
నాకు షుగరు.
మందుల చీటీ అద్దం ముందు ఎండకి పసుపెక్కి
డాక్టరమ్మ సంతకం ఆవిరైపోయింది.
బాగున్నప్పుడు మందెందుకు? అదొక లెక్క.
బాగోనప్పుడు ఎడారి దారిలో మందెక్కడిది? అదీ నా లెక్కే.
మా బెజా వాళ్ళం ఫింజాన్లు లెక్కపెడతాం గానీ
చెంచాలు లెక్కపెట్టం.

మొన్న వానల్లో గాష్ పొంగి రోడ్డు తెగింది.
నాలుగు రోజులు అడ్డాలోనే పడున్నాను.
మూడో రోజు బతూల్ మనవడు ముజ్తబా
నా కాళ్ళ దగ్గర గోలీ కోసం వంగి అన్నాడు:
"మామా, నీ చెప్పులో మేకుంది."

మేకు.
ఎన్నాళ్ళుగా దానిమీదే నడుస్తున్నానో!
బొటనవేలి కింద పుండు, వాసన.
నొప్పి మాత్రం ఇసుమంత లేదు.

బతూల్ తిట్టలేదు.
పక్కనున్న గంప ఎత్తింది.
దానికింద కుండలో కుండ, మధ్యన తడి ఇసుక.
లోపలి కుండలోంచి గుడ్డ చుట్టిన సీసా తీసి
అరచేతుల మధ్య దొర్లించింది,
నిద్రపోతున్న పిచ్చుకపిల్లని పట్టుకున్నట్టు.
సూదితో చెయ్యి తోబ్ మడతల కిందికి పోయింది.
చుట్టూ హారన్లు, గొడవలు, గాడిద బళ్ళు.
ఆమె పెదాలు మాత్రం పది దాకా లెక్కపెట్టాయి.
అప్పుడు తీసింది చక్కెర డబ్బా మూత.

"నీక్కూడానా?"
"పదకొండేళ్ళు."
"మరి నోట్లో పెట్టకుండా తీపి సరిపోయిందని ఎలా తెలుస్తుంది?"
"చెంచా చెబుతుంది.
కరక్కముందు గరగర, కరిగాక గలగల."

"ఒక్కరోజూ తప్పలేదా?"
అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు.
"వీడి బడి ఫీజు కట్టిన నెల
సగం సగం పొడుచుకున్నా.
ఒక రంజాన్‌కి, వద్దని ఇమామే చెప్పినా, ఉపవాసమున్నా.
మూడో సాయంత్రం కళ్ళు తిరిగి
కాగే నీళ్ళు మీద ఒంపుకున్నా."
మోచేతి మచ్చ చూపింది, ఎండిన గాష్ పాయలా.
"దేవుడు అడగనిది ఇచ్చా, ఓహాజ్.
పక్కింటివాళ్ళు చూస్తారని ఇచ్చా."

ఆసుపత్రిలో వేలు తీసేశారు. కాలు మిగిలింది.
ఎవరడిగినా రెండో మాటే ముందు చెబుతున్నాను.

ఇప్పుడు పడుకునే ముందు చెప్పులు దులుపుతాను.
గడ్డం గీసుకునే అద్దం అరికాలి కింద పెట్టి చూస్తాను.
యాభై రెండేళ్ళకి
నా పాదాలతో ముఖపరిచయం అయింది.
పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒకటి.
నిన్న హయ్యా దగ్గర టైరు పేలి
రాత్రి మాత్ర మర్చిపోయా.
ఇవాళ మర్చిపోలేదు.

ఈ మాట బతూల్‌కి చెబితే
ఊఁ అని, కాఫీ పోసి, చెంచా తిప్పి ఇచ్చింది.
గరగర లేదు, గలగలే.
"చక్కెర వెయ్యకుండా తిప్పడమెందుకు?"
"చెయ్యికి అలవాటు. దానికేం తెలుసు?"

అల్లం గొంతులో సన్నగా మండింది.
అవతల ముజ్తబా కుండల మధ్య ఇసుకలో
చెంబుడు నీళ్ళు పోశాడు.
ఇసుక గుటకేసింది.
వాడు ఇంకో చెంబు తేవడానికి పరిగెత్తాడు.